అన్వేషణ నవలకు 12 దశలు: అమలాపురం శిక్షణ ఎలా ఉంది?

అన్వేషణ నవల, అంటే నాయకుడు దేన్నో వెతుక్కుంటూ ఇల్లు విడిచి వెళ్లి తిరిగొచ్చే కథ, రాయాలనుకునేవారి కోసం అమలాపురంలో నడుస్తున్న రెండు రోజుల శిక్షణ ఇది. నాయకుడి ప్రయాణానికి పురాణగాథల పరిశోధకుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో చెప్పిన 17 దశలను కాక, హాలీవుడ్ కథా సలహాదారు క్రిస్టఫర్ వోగ్లర్ వాటినే కుదించి చెప్పిన 12 దశలను పాఠంగా తీసుకున్నారు. కొత్తవాళ్లకు అదే నయం.

అన్నిటికంటే బాగా చెప్పింది గడప దాటే ఘట్టం, అంటే నాయకుడు తెలిసిన లోకాన్ని విడిచి తెలియని దాంట్లోకి అడుగుపెట్టే చోటు. అభ్యాసంలో కథానాయకుడు సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం చేరతాడు. తర్వాతి పంటుకి తిరిగి రాగలిగితే అది గడప దాటడం కాదని తేల్చి, వెనక్కి దారి మూసే కారణం ఒకటి అక్కడికక్కడే రాయిస్తారు: ఇల్లు తాకట్టులో పోవడమో, ఎవరికో ఇచ్చిన మాటో. 60,000 పదాల నవలలో ఇది 15,000 లోపే రావాలన్న లెక్క సరైనదే. ఆలస్యమైతే పాఠకుడి ఓపిక సడలుతుంది. గురువు పాత్ర అగ్నిపరీక్ష దాకా పక్కనే ఉంటే నాయకుడు సొంతంగా ఏదీ తేల్చుకోలేడని, ముందే తప్పించాలని కూడా చక్కగా చూపించారు.

లోటల్లా తిరుగు ప్రయాణమే. చివరి మూడు దశలనూ ఆఖరి గంటలో చుట్టబెట్టేశారు. చాలా రాతప్రతులు చతికిలపడేది అక్కడే: నిధి దొరగ్గానే కథ ఆగిపోతుంది, దానివల్ల ఊరికి ఏం ఒరిగిందో ఉండదు. ప్రయాణానికి రమ్మనే పిలుపును నాయకుడే మొదట భయపడి నిరాకరించి తీరాలనడం కూడా ఒప్పుకోలేం. వెళ్లాలని తహతహలాడేవాడైతే ఆ భయాన్ని తల్లి నోట పలికిస్తే చాలు.

చేరేవారు మొదటి మూడు అధ్యాయాల చిత్తుప్రతి పట్టుకెళ్లండి. ఉత్త చేతులతో కూర్చుంటే సగం అభ్యాసాలు అందవు.