రెక్క ఎముక విరిగితే త్రీడీ సీటీ: పనికొస్తుంది, అడిగి తీయించుకోవాలి

స్కాపులా, అంటే భుజం వెనకాల రెక్క ఎముక విరిగితే మామూలు ఎక్స్‌రే చాలదు. పక్కటెముకలు అడ్డొస్తాయి. మనిషి కాస్త తిరిగి పడుకున్నా గ్లీనోపోలార్ కోణం (రెక్క ఎముక కింది కొనతో పోలిస్తే కీలు గిన్నె ఎంత వంగిందో చెప్పే కొలత) తప్పుగా వస్తుంది. మామూలుగా అది 30 నుంచి 45 డిగ్రీలు. 22కి దిగితే సర్జన్లు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అందుకే ఇక్కడ త్రీడీ సీటీకి పెట్టే ఖర్చు దండగ కాదు.

అయితే స్కాన్ సెంటర్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. 'షోల్డర్ సీటీ' అని రాస్తే కీలు వరకే తీసి ఆపేస్తారు. ఎముక కింది కొన లేకపోతే ఆ కోణం కొలవలేం. 'స్కాపులా మొత్తం, 1 మి.మీ. స్లైసులు' అని చీటీలో రాయించండి. త్రీడీ బొమ్మలో చేతి పై ఎముకను (హ్యూమరస్), పక్కటెముకలను తీసేసి చూపించమనండి. గ్లీనాయిడ్, అంటే చేతి ఎముక తల కూర్చునే కీలు గిన్నె, అప్పుడే తేటగా కనిపిస్తుంది. ప్రమాదం రోజున ఛాతీ సీటీ తీసి, అందులో ఎముక మొత్తం పడి ఉంటే, ఆ డేటాతోనే త్రీడీ చేయవచ్చు. మళ్లీ రేడియేషన్ అక్కర్లేదు.

విరిగిన ఎముకలకు కోడ్‌లు ఇచ్చే 2018 ఏఓ పద్ధతిలో రెక్క ఎముక కొమ్ములకు 14ఎ, పలకకు 14బి, గ్లీనాయిడ్‌కు 14ఎఫ్. రిపోర్టులో ఈ కోడ్ ఒక్కటే ఉంటే అసంపూర్ణమే. కీలు ఉపరితలంలో మెట్టు (విరిగిన ముక్కల మధ్య ఎత్తు తేడా) ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి. 4 దాటితే వైద్యం దారే మారవచ్చు.

త్రీడీ బొమ్మ సన్నని పగుళ్లను నున్నగా చేసి దాచేస్తుంది, కాబట్టి అడ్డకోత స్లైసులూ తప్పక చూడాలి. అక్రోమియన్ (భుజం పైకి వచ్చే రెక్క ఎముక కొమ్ము) దగ్గర అంచులు నున్నగా, గట్టిగా ఉన్న ముక్క కనిపిస్తే అది విరిగిన ముక్క కాకపోవచ్చు. ఎదిగే వయసులో అతక్కుండా మిగిలిపోయిన ఎముక కావచ్చు.

త్రీడీ సీటీకి రేటింగ్: 5కి 4.