ప్రార్థనల నోటుపుస్తకం: కాగితం బాగుంది, గడులే బాగోలేదు

పేజీకి మూడు గడులు: విన్నపం, తేదీ, జవాబు. కాగితం మందం, సిరా వెనక్కి దిగదు, కుట్టు గట్టిది. నా అభ్యంతరమంతా మూడో గడితోనే. అది ఖాళీగా కనిపిస్తే దేవుడు మనకు బాకీ పడినట్టుంటుంది. బైబిల్లో లూకా సువార్త 18వ అధ్యాయంలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, కరుణించమని తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ ప్రార్థనకు ఇక్కడ చోటేది? సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఆ బాధల గిన్నె తొలగించమని వేడుకొని, తండ్రి చిత్తానికే వదిలాడు. అదీ ఇందులో ఇమడదు.

'జవాబు' అన్న శీర్షిక కొట్టేసి 'ఎవరి కోసం?' అని రాసుకున్నాను. మొదటి పేజీల నిండా నా ఉద్యోగం, నా ఆరోగ్యం. తర్వాత పక్కింటివాళ్లు, ఆపైన నాతో మాటలు మానేసిన తమ్ముడు. వాడిని మార్చమని మొదలుపెట్టిన పేజీ నన్ను మార్చమనడంతో ముగిసింది.

వెనక ఉన్న ఖాళీ పేజీలే ఇందులో మేలు. గడులు లేని రకం దొరికితే అదే కొనండి.