కొత్త కారు, తీరని జబ్బు: విజయవాడలో ఒక షోరూం సర్వీసు

ఒక్క నక్షత్రం ఇస్తున్నాను, అదీ వాళ్లిచ్చిన కాఫీకి. తొమ్మిది లక్షలు పోసి కొన్న కారు బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. వర్క్‌షాపులో సాఫ్ట్‌వేర్ మార్చామంటారు. చేసిన పని రాసే జాబ్‌కార్డు మీద మాత్రం ‘లోపం కనబడలేదు’ అని రాస్తారు. నా ఫిర్యాదు నా మాటల్లోనే రాయించాకే సంతకం పెట్టాను. మేనేజరుకు నచ్చలేదు, నచ్చనక్కర్లేదు కూడా.

పదేపదే చెడిపోయే కొత్త కారును మార్చివ్వడమో డబ్బు తిరిగివ్వడమో చేయించే లెమన్ చట్టం, అమెరికాలోలా మనకు ప్రత్యేకంగా లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కంపెనీ నుంచి తీయని జవాబు వచ్చింది, కారు మారలేదు. డీలరు, తయారీదారు ఇద్దరి మీదా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. ఈ ధరకు రుసుము 200 రూపాయలే. తయారీ లోపమని తేలాలంటే సాధారణంగా నిపుణుల నివేదిక కావాలి కనుక కారును పరీక్షకు పంపమని కోరాను. షోరూం వాళ్లు మాత్రం ‘మా సేవలు ఎలా ఉన్నాయి?’ అని సందేశాలు పంపుతూనే ఉన్నారు.