911తో ఇన్నేళ్ళు: నా పగంతా ఓడోమీటర్ మీదే

ఈ కారుకి హార్స్‌పవర్ ఎంత, సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లు అనేవి వెతికితే క్షణంలో దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నాది 2010 మోడల్ పోర్షా 911 కరేరా ఎస్. పోర్షా 997 అని పిలిచే తరంలో రెండో విడత, ఆరు గేర్ల మాన్యువల్. 2017 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. రోజూ తిరగడానికి ఇంట్లో వేరే కారు ఉంది. ఇన్నేళ్ళు నడిపాక ఈ బండిలో నాకు బొత్తిగా పడనిది ఒక్కటే: డయల్ అడుగున కనపడే చిన్న అంకెలు. ఓడోమీటర్.

అదేమీ చెడిపోలేదు. తప్పుగానూ చూపించడం లేదు. దాని పని అది నికార్సుగా చేసుకుపోతోంది, నా బాధే అది.

కొనేటప్పుడు ఇంట్లో రెండు కారణాలు చెప్పాను. ఒకటి, కాలేజీ రోజుల నుంచీ ఉన్న మోజు. రెండోది, "ఇది మామూలు కారు కాదు, రేటు పడదు, కాలం గడిచేకొద్దీ పెరుగుతుంది కూడా." మా ఆవిడ మొదటిదానికి నవ్వి ఊరుకుంది, రెండోదానికి సరే అంది. చిక్కేమిటంటే ఈ రెంటికీ పొసగదు. మోజు తీరాలంటే మైళ్ళు తిరగాలి, రేటు నిలవాలంటే తిరగకూడదు. మధ్యలో కూర్చుని లెక్క రాసే గుమాస్తా ఓడోమీటర్.

నిజానికి ఆ రెండో కారణం నాది కాదు, మా తోడల్లుడిది. కార్ల వేలంపాటలు రోజూ చూస్తాడు, స్టాకుల కంటే శ్రద్ధగా చూస్తాడు. "అన్నయ్యా, గాలితో చల్లబడే ఇంజన్లున్న 911లు 1998తో ఆగిపోయాయి. ఆ ఆఖరి తరం 993 ఒకప్పుడు ఎవరైనా కొనగలిగే పాత కారు, ఇప్పుడు దాని దగ్గరికి పోగలమా? ఆయిలు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న ఆఖరి తరం మీది. 2012 మోడల్‌గా వచ్చిన తరవాతి తరం 991 నుంచి కరెంటు మోటారు స్టీరింగే. పైగా మీది మాన్యువల్, తిరిగింది తొమ్మిది వేల మైళ్ళే. ముట్టుకోకుండా దాచెయ్యండి" అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

అతను ఎప్పుడూ ఉదాహరణకి తెచ్చేది 911 ఆర్. 2016లో పోర్షా ఇవి కేవలం తొమ్మిది వందల తొంభై ఒక్కటే చేసింది. అమెరికాలో అసలు ధర 1,84,900 డాలర్లు. మాన్యువల్ మాత్రమే, వెనక పెద్ద రెక్క లేదు. బయటికి రాగానే మిలియన్ డాలర్లు అడిగిన మహానుభావులు కూడా ఉన్నారు. తోడల్లుడు కథ ఇక్కడ ఆపేస్తాడు. మిగతాది నేను చెబుతాను. 2017లో అదే కంపెనీ, 911లోనే రేసు కారుకి దగ్గరగా ఉండే జీటీ3కి మాన్యువల్ గేర్‌బాక్స్ మళ్ళీ ఇచ్చింది. ఆ ఏడాదే, పెద్ద రెక్క లేని జీటీ3 కావాలన్నవాళ్ళకి టూరింగ్ ప్యాకేజీ తెచ్చింది. ఆర్ కొని ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యకుండా దాచినవాళ్ళు కళ్ళ ముందే రేటు దిగడం చూశారు. కంపెనీ మీటింగులో ఎవరో తీసుకున్న ఒక్క నిర్ణయం చాలు. ఇప్పటికీ దాని రేటు అసలు ధరకి బాగా పైనే, కాదనను. కానీ శిఖరం మీద కొన్నవాడికి ఆ మాట ఏం ఓదార్పు?

తోడల్లుడు దాచమన్న ఆ స్టీరింగే నన్ను దాచనివ్వలేదు. మా ఇంటి నుంచి డంబార్టన్ బ్రిడ్జి దాటి, 84 నంబరు రోడ్డు పట్టుకుని వుడ్‌సైడ్ మీదుగా పైకెక్కితే కొండ మీది స్కైలైన్ రోడ్డు తగులుతుంది. రెడ్‌వుడ్ చెట్ల నీడలో రోడ్డు ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటుంది. అక్కడక్కడా పగుళ్ళకి తారు పూసి ఉంటారు. మా ఇంట్లో రెండో కారులో ఆ తారు చారల మీంచి పోతే ఏమీ తెలియదు. దీంట్లో ఒక్కో చార దాటినప్పుడల్లా చక్రం అరచేతిలో చిన్నగా మెసులుతుంది. మలుపులో ఎక్కడ రోడ్డు బయటివైపుకి వాలుతోందో కంటికి కనపడకముందే చేతికి తెలుస్తుంది. ఇంజన్ వెనక ఉండి, బరువంతా అటే ఉన్న బండి కనక, ఎక్కుడు మలుపులో గ్యాస్ నొక్కితే ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ కూడా ఆ మేరకి తేలికవుతుంది. కాస్త వదిలితే మళ్ళీ బరువు వస్తుంది. లా హోండా వైపు దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి, బ్రేకు జోలికి పెద్దగా పోకుండా, ఇంజన్ పట్టు మీదే దిగుతూ పోవడం ఉంది చూశారూ, దానికోసం నేను ఇంకేమైనా క్షమిస్తాను.

ఇక తక్కువ మైళ్ళ కారుకి ఉండే రోగం మొదటి వానకే బయటపడింది. కొత్తగా కొన్న రోజులు. నైల్స్ కాన్యన్‌లో పోతున్నాను. వేగమేమీ లేదు, ముందు ఒక స్కూల్ వ్యాను పోతోంది. ఎడమ మలుపులో వెనక భాగం మెల్లిగా కుడికి జారింది. కంప్యూటరు పట్టుకుంది కాబట్టి సరిపోయింది, డాష్ మీద పసుపు దీపం మిణుకుమంది. కొనే ముందు ఒక షాపులో డబ్బిచ్చి మరీ చేయించిన తనిఖీ కాగితంలో "టైర్ల ట్రెడ్ నిండుగా ఉంది" అని రాసిచ్చారు. ఉన్నమాటే. టైరు పక్కన గోడ మీద, డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి: 1510. అంటే 2010లో పదిహేనో వారంలో తయారైనవి. కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్లే, ఏడేళ్ళుగా గరాజులో కూర్చుని రబ్బరు గట్టిపడిపోయింది. గోరుతో నొక్కితే గుంట పడదు. పాత యజమాని దీన్ని పెట్టుబడిగా దాచాడు, అమ్మినాయన దాన్నే గొప్పగా చెప్పి అమ్మాడు. నాలుగు టైర్లు, వాటితోపాటు ఎండిపోయిన రబ్బరు గొట్టాలు, వైపర్లు, బ్రేకు ఆయిలు, అన్నీ కలిసి తడిసి మోపెడైంది. "కట్టకుండా బీరువాలో పెడితే పట్టుచీర మడతల దగ్గర చిరుగుతుంది, తెలియదా" అంది మా ఆవిడ.

అయినా 2021 వచ్చేసరికి నేనూ తోడల్లుడి దారికొచ్చాను. కోవిడ్ తరవాత పాత కార్ల రేట్లు ఎలా లేచాయో అందరికీ తెలుసు. నా బండి లాంటివి నేను కొన్నదానికంటే బాగా ఎక్కువకి అమ్ముడుపోతున్నాయి. ఒక్కో ఆదివారం తాళం చేతిలోకి తీసుకోవడం, ఓడోమీటర్ గుర్తొచ్చి మళ్ళీ కొక్కేనికి తగిలించడం. అలా నడుస్తుండగా నాన్నగారికి ఆపరేషన్ అని విజయవాడ వెళ్ళి కొన్ని నెలలు ఉండిపోయాం. బ్యాటరీకి ఛార్జర్ తగిలించే వెళ్ళాను. గరాజులో ఆ ప్లగ్గు మధ్యలో ఎప్పుడో ట్రిప్పయింది. తిరిగొచ్చి చూస్తే కారు తుది శ్వాస కూడా విడిచేసి ఉంది.

ఇక్కడో తమాషా ఉంది, 997 ఉన్నవాళ్ళకి తెలిసిందే. దీని బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. ఆ డిక్కీ గొళ్ళెం కరెంటుతో తెరుచుకుంటుంది. బ్యాటరీ పోతే డిక్కీ తెరుచుకోదు, డిక్కీ తెరిస్తే గానీ బ్యాటరీ అందదు. కారుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే దారి రాసే ఉంది. డ్రైవరు కాళ్ళ దగ్గర ఎడమవైపు ఫ్యూజుల పెట్టె మూత తీసి, అందులోంచి ఒక ఎర్ర టెర్మినల్ బయటికి లాగాలి. దానికి ఇంకో కారు బ్యాటరీ ప్లస్సు తగిలించి, మైనస్సు తలుపు గొళ్ళేనికి పట్టించి, అప్పుడు డిక్కీ మీట నొక్కాలి. ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి కాదు, కేవలం డిక్కీ తెరవడానికి. రాత్రి తొమ్మిదింటికి తోడల్లుడు వ్యాను పక్కన పెట్టి కేబుల్ పట్టుకున్నాడు, నేను తలకిందులుగా పెడళ్ళ మధ్య దూరాను. మైనస్సు తగలగానే అలారం. తాళం వేసి ఉన్న కారు కదా, దొంగలమనుకుంది. వీధి వీధంతా దీపాలు వెలిగాయి. నేనా గోలలో మీట నొక్కడం, టక్కున డిక్కీ లేవడం, ఎదురింటాయన పైజమాతో బయటికొచ్చి "అంతా బాగానే ఉందా" అని అడగడం ఒకేసారి జరిగాయి.

కొత్త బ్యాటరీ వేశాం, కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. అయిపోయిందనుకున్నాను. సరిగ్గా అప్పుడే రిజిస్ట్రేషన్ కాగితం వచ్చింది, స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష, చేయించమని. ఈ వయసు కార్లకి ఇక్కడ రెండేళ్ళకోసారి తప్పదు. స్టేషన్లో కుర్రాడు కారు కంప్యూటర్‌ని చదివే ఓబీడీ తీగ తగిలించి చూసి, పొగ సంగతి తరవాత, ముందు మీ కారుకి జ్ఞాపకం లేదన్నాడు. బ్యాటరీ చచ్చిపోయేసరికి కంప్యూటర్లో మానిటర్లు, అంటే కారు తనకి తాను చేసుకునే పరీక్షల ఫలితాలు, అన్నీ చెరిగిపోయాయి. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్, ఇలా ఒక్కోదాన్నీ కారు తనంతట తాను పరీక్షించుకుని సిద్ధం అని చెబితే తప్ప పాస్ చెయ్యరు. 2000 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి పెట్రోలు ఆవిరి లీకుల్ని చూసే ఒక్క ఈవాప్ మానిటర్‌కే మినహాయింపు. మరి అవి సిద్ధం కావడం ఎలా అని అడిగితే, "నడపండి" అన్నాడు. అంతే, మందూ లేదు మాకూ లేదు.

ఊరికే నడిపినా చాలదు. రాత్రంతా చల్లారిన ఇంజన్‌తో మొదలుపెట్టాలి, కాసేపు ఒకే వేగంలో పోవాలి, గ్యాస్ వదిలేసి దానంతట అది నెమ్మదించేలా దొర్లనివ్వాలి, కాసేపు ఆగి ఉండాలి. అందుకని రోజూ తెల్లవారకముందే లేచి 280 ఫ్రీవే మీద ఒకే వేగంలో వెళ్ళి, 92 నంబరు రోడ్డు మీదుగా హాఫ్ మూన్ బే దిగి, కాఫీ తాగి, స్కైలైన్ మీదుగా ఆఫీసు వేళకి ఇల్లు చేరేవాణ్ణి. చేతిలో చిన్న స్కానర్, అందులో ఒక్కో మానిటర్ పచ్చబడుతుంటే సంబరం. అంతకుముందు ఏడాది పొడుగునా తిరగనన్ని మైళ్ళు ఆ వారంలో తిరిగాను. ఓడోమీటర్ వంక చూడాలన్న ధ్యాసే లేదు, ఎందుకంటే ఇది ప్రభుత్వం చెప్పిన పని. మళ్ళీ స్మాగ్ స్టేషన్‌కి వెళ్ళేసరికి బండి వేరే బండిలా ఉంది. మొదట్లో రెండో గేరు పడేటప్పుడు ఉన్న బిగువు పోయింది. నిలబెట్టిన టైర్లు చదునై ఫ్రీవే మీద వచ్చే వణుకు కూడా పోయింది. కాగితం చేతికొచ్చాక కూడా మర్నాడు అదే వేళకి మెలకువొచ్చింది, అదే దారి పట్టాను.

డబ్బు సంగతి. ఆ పెరిగిన రేటు తరవాత కాస్త దిగింది, అయినా కాగితం మీద ఇప్పటికీ కొన్నదానికి పైనే ఉంది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఈ కారు విషయంలో పూర్తిగా నిజం కాలేదు. కాకపోతే ఆ తేడాలోంచి ఇన్సూరెన్సు, ఏటా రిజిస్ట్రేషను, 91 ఆక్టేన్ పెట్రోలు, ఇట్టే అరిగిపోయే వెనక టైర్లు తీసేస్తే లాభం అన్న మాట నా నోటికి రాదు. కారు విలువ ముందే ఒప్పుకుని రాసుకునే అగ్రీడ్ వాల్యూ ఇన్సూరెన్సు చవకే, కానీ రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళకూడదు, గరాజులోనే ఉంచాలి వగైరా షరతులుంటాయి. పైగా అమ్మి లాభం చూస్తే ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి వాటా ఇవ్వాలి, సొంతానికి వాడుకున్న కారు మీద నష్టం వస్తే పన్నులో చూపించుకోవడానికి లేదు. అదే డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో పెట్టుంటే ఎంతయ్యేదో మా ఆవిడ లెక్క వేసింది. అంకె చెప్పింది కూడా, ఇక్కడ రాయను.

స్టీరింగ్ గురించి పైన అన్నదానికి చిన్న సవరణ. అదంతా కొండ దారుల్లో. సాయంత్రం 880 ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో ఆ మాట మీద నిలబడలేను. క్లచ్ బరువు మోకాలికి తెలుస్తుంది, కాంక్రీటు ఫ్రీవే మీద టైర్ల మోతకి ఫోన్ మాట్లాడటం కష్టం. వెనక సీట్లో మా అమ్మాయి పదేళ్ళ వరకే పట్టింది. ముందు డిక్కీలో మాత్రం సోనా మసూరి బస్తా హాయిగా పడుతుంది. ఇక ఆఖరి హైడ్రాలిక్ తరం కాబట్టి రేటు పెరిగి తీరుతుందన్న మాట నేనూ ఒకప్పుడు పదిమందికి చెప్పాను. ఇప్పుడు పెరగొచ్చు అంటున్నాను. ఇరవై ఏళ్ళ తరవాత మాన్యువల్ నడపడం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారో, వాళ్ళ దగ్గర డబ్బెంత ఉంటుందో దాన్నిబట్టి.

హైదరాబాద్‌లో మా పెద్దమ్మ కొడుకు అడుగుతుంటాడు, రిటైరై వచ్చేటప్పుడు తెచ్చెయ్యకూడదా అని. పాత కారు దిగుమతికి అక్కడి నిబంధన మూడేళ్ళ లోపు, అదీ కుడివైపు స్టీరింగ్. నాది రెంటిలోనూ తప్పుతుంది. విదేశాల్లో తయారై వచ్చే కొత్త స్పోర్ట్స్ కారు మీద అక్కడ పన్నులు చూస్తే, షోరూం దాటగానే మొదటి యజమాని ఎంత పోగొట్టుకుంటాడో ఊహించుకోవచ్చు. అందుకని నా అనుభవం అక్కడివాళ్ళకి పెద్దగా పనికిరాదు.

ఇక్కడ కొనదలుచుకున్నవాళ్ళకైనా నా పరిస్థితి వేరని గుర్తుచేస్తున్నాను: ఇంటి అప్పు సగానికి పైగా తీరింది, మంచూ, మంచుకని రోడ్ల మీద చల్లే ఉప్పూ లేని ఊరు, నీడలో గరాజు, రోజు పనికి వేరే కారు. వీటిలో ఏ రెండు లేకపోయినా నేను కొనేవాణ్ణి కాను. ఇవన్నీ ఉండి, తొమ్మిది వేల మైళ్ళదీ, సర్వీసు కాగితాలన్నీ ఉన్న యాభై వేల మైళ్ళదీ పక్కపక్కన కనపడితే, ఇప్పుడైతే నేను రెండోదే తీసుకుంటాను. ఆటోమేటిక్ పీడీకే గురించి మాత్రం నన్ను అడక్కండి, స్నేహితుడిది ఒక మధ్యాహ్నం నడిపానంతే.