చిగుళ్ళకు ఏ పేస్టు కొనాలి? ట్యూబు వెనక వైపు చదివి ఇచ్చిన సమీక్ష

విజయనగరం గంటస్తంభం దగ్గరి కిరాణా కొట్టులోనైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోని మందుల షాపులోనైనా "చిగుళ్ళకు మంచి పేస్టు ఇవ్వండి" అంటే నాలుగైదు రకాలు ముందు పెడతారు. డబ్బా మీద లవంగం, ఉప్పు, వేపాకు బొమ్మలు ఉంటాయి. వాటిని వదిలేసి వెనక వైపు సన్న అక్షరాలు చదవండి.

చిగుళ్ళు వాచి రక్తం కారడానికి మూలం పంటి మొదట్లో పేరుకునే పాచి. అది బాక్టీరియా కట్టుకున్న జిగురు పొర. 1965లో డెన్మార్క్‌లో 12 మంది చేత బ్రష్ మాన్పించి చూస్తే, రెండు మూడు వారాల్లోపే అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక వారం రోజులకు తగ్గిపోయాయి. పాచిని తీసేది ముఖ్యంగా బ్రష్షే, పేస్టు దానికి సాయం మాత్రమే. ఏ పేస్టు ఎంత సాయం చేస్తుందో చూద్దాం.

మామూలు తెల్ల పేస్టులో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేట్, అంటే సుద్ద. దానితో సోడియం ఫ్లోరైడ్ కలిపితే కాల్షియం పట్టేసుకుని ఫ్లోరైడ్‌ను పనికిరాకుండా చేస్తుంది. అందుకే సుద్ద పేస్టుల్లో సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అనే మరో రకం ఫ్లోరైడ్ వాడతారు. పిప్పిపళ్ళు రాకుండా ఇది బాగా పనిచేస్తుంది, చిగుళ్ళకు మాత్రం ప్రత్యేకంగా ఒరిగేది తక్కువ. మన దేశంలో పేస్టుల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి) దాటకూడదు. ట్యూబు మీద ఆ అంకె, గడువు తేదీ రెండూ చూసి కొనండి.

చిగుళ్ళ కోసమే అయితే వెతకవలసిన పేర్లు రెండు: స్టానస్ ఫ్లోరైడ్, జింక్ సిట్రేట్. మా మొదటి ఓటు స్టానస్ ఫ్లోరైడ్‌కే. ఇది బాక్టీరియా పెరుగుదలను అణచి వాపును తగ్గిస్తుంది, పిప్పిపళ్ళనూ ఆపుతుంది. కొందరికి పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పడతాయి, అవి క్లీనింగ్‌లో పోతాయి. జింక్ కాస్త మెతక మందు. నోటి దుర్వాసన, గార కట్టడం తగ్గించడంలో దాని పని బాగుంటుంది. బాక్టీరియాను చంపే ట్రైక్లోసాన్ అనే రసాయనం కూడా వాపు తగ్గించేదే, కానీ దాని మీద వచ్చిన అనుమానాల వల్ల కోల్గేట్ టోటల్ అమెరికాలో 2019లో దాన్ని తీసేసి స్టానస్ ఫ్లోరైడ్‌కు మారింది.

ఎర్రటి ఆయుర్వేద పేస్టుల్లో లవంగ నూనె కాసేపు నొప్పిని మరపిస్తుంది. చాలా వాటిలో ఫ్లోరైడ్ ఉండదు. తీపి తినే పిల్లలున్న ఇంటికి అదొక్కటే సరిపోదు. బొగ్గు పేస్టుకు డబ్బు పెట్టడం దండగ: గరుకుదనం పళ్ళను అరగదీస్తుంది, వాపు మాత్రం తగ్గదు. నోట్లో తరచూ పొక్కులు వచ్చేవాళ్ళు నురగనిచ్చే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు వాడి చూడాలి.

అన్నిటికంటే అపాయం పొగాకు కలిపిన పళ్ళపొడి. పళ్ళపొడిలో, పేస్టులో పొగాకు కలపడం 1992 నుంచే నిషేధం. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది కాబట్టి చిగుళ్ళు జబ్బుపడినా రక్తం కారదు, బాగున్నాయనే భ్రమ కలుగుతుంది. మన తీరం వెంట అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగే పెద్దమ్మలకు ఇదే ప్రమాదం. అంగిలి మీద తెల్ల మచ్చలు, పుళ్ళు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

వాడే పద్ధతి ఇదీ. పెద్దలకు బఠాణీ గింజంత పేస్టు, మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యం గింజంత. మెత్తటి బ్రష్‌ను చిగురు, పన్ను కలిసే చోట ఏటవాలుగా ఆనించి చిన్నగా కదపాలి. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. తర్వాత నురగ ఉమ్మేసి ఊరుకోవాలి, చెంబుడు నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే పేస్టుకు, దానికి మధ్య అరగంట ఎడం ఉంచండి. పేస్టులోని నురగ మందు దాని బలాన్ని చంపేస్తుంది. మౌత్‌వాష్‌ను రెండు వారాలకు మించి సొంతంగా సాగదీయొద్దు, పళ్ళు నల్లబడతాయి.

రక్తం కారుతోందని అక్కడ బ్రష్ పెట్టడం మానేస్తే పాచి ఇంకా పెరుగుతుంది. రెండు వారాలు సరిగ్గా తోమినా రక్తం ఆగకపోతే గట్టిపడిన గార ఉన్నట్టే అనుకోవాలి. దాన్ని ఏ ట్యూబూ కరిగించలేదు, పళ్ళ డాక్టరు దగ్గర స్కేలింగ్ (పరికరంతో గార తీయడం) చేయించుకోవలసిందే. స్కేలింగ్‌తో పళ్ళు వదులవుతాయన్న మాట నిజం కాదు. గార అడ్డం తీశాక అంతవరకు దాగున్న సందులు కనబడతాయి, అంతే. షుగర్ ఉన్నవాళ్ళు ఆ రెండు వారాలు కూడా ఆగకుండా చూపించుకోవడం మంచిది.