టిటిజేలో టెంటు, నా ఏ1 జర్మన్

స్టుట్‌గార్ట్‌లో మా ఆయనకు ఆఫీసంతా ఇంగ్లీషే. ఐదేళ్ల మా అమ్మాయికి కిండర్‌గార్టెన్‌లో జర్మన్ వచ్చేసింది. పెద్దవాళ్లకు చదువు చెప్పే ఫోక్స్‌హోఖ్‌షూలెలో ఏ1, అంటే మొదటి మెట్టు, జర్మన్ క్లాసులో కూర్చుని తంటాలు పడుతున్నది నేనే. అందుకే జులైలో మూడు రాత్రులు బ్లాక్ ఫారెస్టులో టెంటు వేద్దామనుకున్నప్పుడు, అక్కడ మాట్లాడేదంతా నేనేనని ముందే చెప్పేశాను.

టిటిజే సరస్సు ఒడ్డున ఉన్న క్యాంపు దగ్గరికి ఒంటిగంట దాటాక చేరాం. గేటు మూసి ఉంది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా "మిట్టాగ్స్‌రూహె", అంటే మధ్యాహ్నం విశ్రాంతి. కార్లు కదలకూడదు. కారులోనే కూర్చుని పులిహోర తిన్నాం.

టెంటు వేస్తుంటే మేకులు నాలుగు తక్కువయ్యాయి. పక్క కారవాన్ పెద్దావిడ దగ్గరికి వెళ్లి మేకులకు నేను నేర్చుకున్న మాట "నేగెల్" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆఖ్, హేరింగె!" అంది. హేరింగ్ అంటే సూపర్‌మార్కెట్‌లో సీసాల్లో ఊరబెట్టి అమ్మే చేప అని తెలుసు. మేం శాకాహారులం, వద్దండీ అని చెప్పబోతుంటే గుప్పెడు టెంటు మేకులు, రబ్బరు సుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. రెండింటికీ ఒకటే మాటట. మా అమ్మాయి ఆ సాయంత్రమంతా "అమ్మా, చేపలు కొట్టావా?" అంటూనే ఉంది.

రెండో దెబ్బ రొట్టెల దగ్గర. పొద్దున కావాలంటే ముందు రోజే రాయించాలి. క్లాసులో నేర్పింది "బ్రోట్‌షెన్", ఇక్కడ బోర్డు మీద ఉన్నది "వెక్లె". అదెలాగో అర్థమైంది. "హాల్ప్ నోయ్‌న్" లోపు తీసుకెళ్లమన్నారు. హాల్ప్ అంటే సగం, నోయ్‌న్ అంటే తొమ్మిది. తొమ్మిదిన్నర అనుకుని తొమ్మిదింటికి తీరిగ్గా వెళితే కౌంటరు మూసేశారు. అది ఎనిమిదిన్నరట. తొమ్మిదిలోకి సగం వచ్చిందని లెక్క. ఆ పూటకి అటుకుల ఉప్మా.

క్యాంపు గురించి చెప్పాలంటే, బాత్రూములు మా ఇంటికన్నా శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్లకు మాత్రం నాణెం వేయాలి, సబ్బు నురగ ఉండగానే ఆగిపోతాయి. కరెంటుకి నీలం రంగు మూడు పిన్నుల ప్లగ్గు కావాలి. అడాప్టర్‌ను "ప్ఫాండ్", అంటే డిపాజిట్, తీసుకుని ఇచ్చారు, రైస్ కుక్కర్ బతికింది. మాకిచ్చిన చోటు వాలుగా ఉండటం వల్ల వానకి టెంటు ఓ మూల తడిసింది. చెప్పుకోవడానికి నా దగ్గర "నాస్" (తడి) అన్న మాట ఒక్కటే ఉంది, చోటు మార్చలేదు. 845 మీటర్ల ఎత్తు కదా, జులైలోనూ రాత్రి స్వెటర్ కావాల్సిందే.

టిటిజే ఊరు నాకంత నచ్చలేదు. వీధంతా కుకూ గడియారాల కొట్లు, టూరిస్టు బస్సులు. కానీ టూరిస్టు పన్ను కట్టినందుకు ఇచ్చిన కోనుస్ కార్డుతో రైలు ఉచితం. 967 మీటర్ల ఎత్తున్న ఫెల్డ్‌బెర్గ్-బేరెన్‌టాల్ స్టేషన్ మీదుగా ష్లుఖ్‌జేకి వెళ్లాం. ఆనకట్ట కట్టిన పెద్ద జలాశయం, జనం తక్కువ, పిల్లలకు నీళ్లలో ఆడుకోవడానికి హాయిగా ఉంది. ఇంకోసారి వస్తే టెంటు అక్కడే.

చివరి రోజు "హాల్ప్ ఎల్ఫ్" కల్లా ఖాళీ చేయమన్నారు. మా ఆయన పదకొండున్నర దాకా టైముంది కదా అని మళ్లీ పడుకోబోయాడు. లేపి, పదింటికల్లా టెంటు మడిపించాను.