మిస్ట్: చెవులు తెరుచుకుని ఆడాల్సిన ఆట

మిస్ట్ అనే కంప్యూటర్ ఆట గురించి ఆటగాళ్ల మధ్య ముప్పై ఏళ్లుగా తెగని తగువు ఒకటి ఉంది. కొందరు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. మరికొందరు "అందమైన బొమ్మల వరుస, అంతకు మించి ఏముంది?" అని కొట్టిపారేస్తారు. వేర్వేరు కంప్యూటర్ల మీద, వేర్వేరు రూపాల్లో ఈ ఆటను ఏళ్ల తరబడి ఆడుతూ వస్తున్నాను కాబట్టి ఒక మాట చెప్పే చనువు తీసుకుంటున్నాను. ఇరుపక్షాల వాదనా బొమ్మల చుట్టూనే తిరుగుతుంది. నన్నడిగితే మిస్ట్ ప్రాణం దాని చప్పుళ్లలో ఉంది. 1993 నాటి బొమ్మలు వెలిసిపోయాయి, ఒప్పుకోవాల్సిందే. చప్పుళ్లు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

పరిచయం లేనివారి కోసం నాలుగు ముక్కలు. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అన్నదమ్ములు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పొకేన్ దగ్గర, సయాన్ అనే చిన్న సంస్థ పెట్టి పిల్లల కోసం ఆటలు చేసేవారు. పెద్దల కోసం వాళ్లు చేసిన మిస్ట్‌ను 1993 సెప్టెంబరులో బ్రోడర్‌బండ్ సంస్థ మాకింటాష్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. కంప్యూటర్‌లో తయారుచేసిన సుమారు 2,500 నిశ్చల చిత్రాలను హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకదానికొకటి కలిపారు. ఎటు క్లిక్ చేస్తే అటు చిత్రం మారుతుంది, అదే నడక. 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 2002లో ద సిమ్స్ దాటిపోయేదాకా కంప్యూటర్ ఆటల అమ్మకాల్లో ఇదే మొదటి స్థానం. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 2012లో తొలిసారిగా వీడియో గేములను సేకరించినప్పుడు, ఎంచుకున్న 14 ఆటల్లో ఇదీ ఉంది.

ఆట మొదలవగానే ఒక దీవి రేవులో నిలబడి ఉంటాం. ఎందుకు వచ్చామో, ఏం చేయాలో చెప్పే దిక్కు లేదు. శత్రువులు లేరు, తుపాకులు లేవు, చావు లేదు, తరుముకొచ్చే గడియారం లేదు. అదే ఏడాది డిసెంబరులో తుపాకులతో కాల్చుకుంటూ పోయే డూమ్ ఆట వచ్చిందంటే, రెండు ఆటలూ ఎంత ఎడమొహం పెడమొహంగా ఉండేవో ఊహించుకోవచ్చు. దీవి మీద గ్రంథాలయంలో ఎర్ర పుస్తకం ఒకటి, నీలం పుస్తకం ఒకటి కనిపిస్తాయి. ఒకదానిలో సిరస్, మరొకదానిలో ఎకినార్ అనే అన్నదమ్ములు చిక్కుకుని ఉంటారు. చిరిగిపోయిన పుటలు తెచ్చిపెట్టమని, రెండోవాడి మాట నమ్మొద్దని ఎవరికి వారు బతిమాలుకుంటారు. ఆ పుటలు వెతుక్కుంటూ నాలుగు లోకాలకు వెళ్లాలి. ఆటలో వాటిని ఏజ్‌లు అంటారు. ఇక్కడి నుంచి కొన్ని పజిళ్ల గుట్టు కొంత విప్పుతాను, అసలు ఆడనివారు జాగ్రత్తపడండి.

సెలెనిటిక్ ఏజ్‌నే తీసుకుందాం. దీవి మీద నిలిపి ఉన్న అంతరిక్ష నౌకే అక్కడికి దారి. ముందు జనరేటర్ నుంచి దానికి సరిగ్గా 59 వోల్టుల కరెంటు అందించాలి. ఒక్క వోల్టు ఎక్కువైనా బ్రేకర్ పడిపోతుంది, స్తంభం ఎక్కి మళ్లీ పైకెత్తి రావాలి. అక్కడిదాకా లెక్కల వ్యవహారం, కాగితం మీద తేలిపోతుంది. నౌకలోకి అడుగుపెట్టాక అసలు కథ మొదలవుతుంది. ఒక చివర ఆర్గాన్ వాద్యం, ఇంకో చివర పైకీ కిందికీ జరిపే ఐదు మీటలు. గ్రంథాలయంలోని నోటు పుస్తకంలో ఐదు మెట్లు గుర్తుపెట్టిన బొమ్మ ఉంటుంది. ఆ మెట్లను ఆర్గాన్ మీద నొక్కి, ఆ స్వరాలను చెవిలో పెట్టుకుని నౌక పొడవునా నడిచి, అవతలి మీటలను అవే స్వరాలకు తేవాలి. సంగీతం రానివాళ్లు ఈ ఆటను తిట్టుకునే మొదటి చోటు ఇదే. నాకు రెండో స్వరం దగ్గరికి వచ్చేసరికి మొదటిది జారిపోయేది. మా చెల్లెలు చిన్నప్పుడు కొన్నాళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఒకసారి పక్కన కూర్చుని, ఆర్గాన్ పలికిన స్వరాన్ని గొంతులో అలాగే పట్టుకుని, "ఇంకా తగ్గింది అన్నయ్యా... ఇంకొంచెం పైకి... ఆగు, ఇప్పుడు శ్రుతిలో పడింది" అంటూ ఐదింటినీ చిటికెలో తేల్చేసింది. ఆ తర్వాత ఎప్పుడు ఆడినా నేనూ కూనిరాగం తీసుకుంటూనే నౌక పొడవునా నడుస్తున్నాను. ఆ పజిల్‌కు అంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

ఆ లోకంలో దిగాక కూడా పని చెవులదే. నీళ్ల దగ్గర, మంట దగ్గర, స్ఫటికాల దగ్గర మైకులు పెట్టి ఉంటాయి. వాటిని పనిచేయించి, ఒక గదిలో కూర్చుని యాంటెన్నాలను డిగ్రీ డిగ్రీ చొప్పున తిప్పుతూ ఆ ధ్వనులను పట్టుకోవాలి. ముందు గరగరలే వినిపిస్తాయి. తిప్పుతుంటే ఎక్కడో అడుగున నీటి సవ్వడి లీలగా తోస్తుంది, ఒక డిగ్రీ దాటగానే పోతుంది. వెనక్కి తిప్పగానే గరగర తెగి, నీరు స్పష్టంగా పలుకుతుంది. ఇన్నిసార్లు ఆడినా ఆ క్షణంలో వేలు దానంతట అదే ఆగిపోతుంది.

ఆ తర్వాతిది భూగర్భంలోని చిక్కుదారుల పజిల్. ఆటగాళ్లలో ఎక్కువ మంది పళ్లు నూరేది దీన్ని తలుచుకునే. కిటికీ అవతల చీకటి తప్ప ఏమీ కనిపించని చిన్న బండిలో కూర్చుని పట్టాల మీద వెళ్లాలి. ప్రతి కూడలిలో బండి ఆగి ఒక చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడే ఎటు తిరగాలో చెబుతుంది. ఉత్తరానికి ఒక ధ్వని, దక్షిణానికి మరొకటి, వాయవ్యం లాంటి మూలలకు రెండేసి ధ్వనులు కలిపి. అందులోని కిటుకు ఏమిటంటే, మెకానికల్ ఏజ్‌లో తిరిగే కోట ఒకటుంది. అది ఏ దిక్కుకు ఆగితే ఆ దిక్కు ధ్వని వినిపిస్తుంది. అవే ధ్వనులు ఇక్కడా. అక్కడ చెవి పెట్టినవారికి ఇక్కడ పటం చేతిలో ఉన్నట్టే. పెట్టనివారు, లేదా ఆ లోకం కంటే ముందే ఇక్కడికి వచ్చినవారు, చీకట్లో తడుముకోవాల్సిందే. ఏ లోకానికి ముందు వెళ్లాలో ఆట చెప్పదు. కాబట్టి దీన్ని అన్యాయం అనేవారి మాటను నేను తోసిపుచ్చను. కానీ ఒక లోకంలో విన్నది ఇంకో లోకంలో పనికొచ్చినప్పుడు కలిగే సంతోషం ఉంది చూశారూ, ఆ ఒక్కదాని కోసం ఆ చీకటి బండిని భరిస్తాను.

చానల్‌వుడ్ అనే ఇంకో ఏజ్‌లో ఇదే సంగతి ఇంకా సున్నితంగా సాగుతుంది. బురదనీటి మీద చెక్క దారులు, వాటి వెంట గొట్టాలు. గొట్టంలో నీరు ఎటు పారుతోందో కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. ఇక్కడ ఎవరినీ ఇబ్బంది పెట్టిన దాఖలా నేను చూడలేదు.

ఈ చప్పుళ్లు ఎలా పుట్టాయో తెలిసినప్పుడు ముచ్చటేసింది. ధ్వనుల పని క్రిస్ బ్రాండ్‌కాంప్ చూసుకున్నాడు. బాయిలర్‌లో మంట కోసం నిజం మంటనే రికార్డు చేస్తే అది మంటలా వినిపించలేదట, చివరికి రాళ్ల దారి మీద కారు నెమ్మదిగా నడిపిన చప్పుడు వాడారు. గడియారపు గంటలు ఒక రెంచి శబ్దాన్ని మంద్రంగా మార్చితే వచ్చినవి. సంగీతమే వద్దని మిల్లర్ అన్నదమ్ములిద్దరూ మొదట అనుకున్నారు. పెట్టి చూశాక అడ్డం కాదని తేలి, రాబిన్ మిల్లరే సింథసైజర్ మీద చేశాడు. అది కూడా పొదుపుగానే వస్తుంది. నేటి ఆటల్లో తలుపు తెరిచినా వయొలిన్లు ఎగసిపడుతుంటే నాకు ఈ పొదుపు గుర్తుకొస్తుంది.

ఇక లోపాలు. ఒకసారికి ఒక్క పుటే చేతపట్టుకోగలం. ఎర్రదీ నీలందీ రెండూ కావాలంటే ప్రతి లోకానికీ రెండుసార్లు పోవాలి. తెలిసిన దారే మళ్లీ తొక్కడంలో రహస్యమూ లేదు, వినోదమూ లేదు. ఆ చీకటి బండి ప్రయాణం రెండోసారి శిక్షే. సిరస్, ఎకినార్‌ల నటన మరీ అతి. ఇద్దరి గదులూ ఒక్కసారి చూస్తే ఎవరెంతటివారో తెలిసిపోతుంది, ఎవరిని నమ్మాలన్న ఉత్కంఠ సగంలోనే చల్లారుతుంది. వాళ్ల తండ్రి ఏట్రస్‌గా రాండ్ మిల్లరే కనిపిస్తాడు, ఎకినార్ కూడా ఆయనే, సిరస్‌గా కనిపించేది ఆయన తమ్ముడు రాబిన్. ఇంట్లోవాళ్లే వేషాలు కట్టిన సంగతి తెలుస్తూనే ఉంటుంది. గ్రంథాలయంలోని దినచర్య పుస్తకాలు గొలుసుకట్టు ఇంగ్లిషు రాతలో ఉంటాయి. ఆ రాత అలవాటు లేనివారికి, ముఖ్యంగా ఫోను తెర మీద, అదే ఒక అదనపు పజిల్.

"బొమ్మల వరుస" అనేవారికి నా జవాబు ఇంతే. 2000లో వచ్చిన రియల్‌మిస్ట్‌లో దీవి అంతటా స్వేచ్ఛగా తిరగవచ్చు. 2021లో కొత్తగా నిర్మించిన మిస్ట్‌లో అయితే ఆకులు కదులుతాయి, నీళ్లు మెరుస్తాయి. రెండూ ఆడాను. తిరగడం బాగుంది, కానీ ఆట పెద్దగా మారలేదు. ఆగి వినమనే అడుగుతుంది, అప్పుడూ ఇప్పుడూ. పైగా నిశ్చల చిత్రంలో కదిలేది ఏమీ ఉండదు కాబట్టి చెవి దానంతట అదే పదునెక్కుతుంది. పాత రూపానికి ఉన్న ఆ బలాన్ని కొత్తవి కొంత పోగొట్టుకున్నాయనే నా అభిప్రాయం. అడ్వెంచర్ గేముల ప్రక్రియను మిస్టే చంపేసిందని పాత ఆటగాళ్లు కొందరు ఇప్పటికీ నిష్ఠూరమాడతారు. చంపిందో లేదో గానీ 2016లో వచ్చిన ద విట్‌నెస్, క్వెర్న్ ఆడినవారు ఈ దీవి నీడను గుర్తుపట్టకుండా ఉండలేరు.

ఏది కొనాలని అడిగితే, కొత్తవారికి 2021 నాటిదే మేలు. నడవాలంటే నడవచ్చు, పాత పద్ధతిలో క్లిక్ చేసుకుంటూ పోవచ్చు. పజిళ్ల జవాబులను మార్చేసే ఏర్పాటు కూడా ఉంది, దానివల్ల నాలాంటి పాతకాపులకు కూడా మళ్లీ పని దొరికింది. ఒక్క చిక్కు, నా ల్యాప్‌టాప్‌లో ఈ రూపం నడుస్తుంటే ఫ్యాను హోరెత్తిపోయేది. యాంటెన్నా గరగర ఏదో ఫ్యాను గరగర ఏదో తెలియక, చిత్రాల నాణ్యత బాగా తగ్గించుకుని ఆడాను. కాస్త పాత యంత్రం ఉన్నవారు 2014 నాటి రియల్‌మిస్ట్ మాస్టర్‌పీస్ ఎడిషన్‌తో సరిపెట్టుకోవచ్చు. అందులో రైమ్ అనే అదనపు లోకం కూడా ఉంది. ఏది కొన్నా హెడ్‌ఫోన్లు, ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. 1993 నాటి పెట్టెలో ఖాళీ నోటు పుస్తకం వాళ్లే ఇచ్చేవారు. వినికిడి ఇబ్బంది ఉన్నవారు మాత్రం సెలెనిటిక్ ఏజ్ వరకు ఎవరినైనా తోడు కూర్చోబెట్టుకోండి, లేదా మొహమాటపడకుండా జవాబులు చూసేయండి. మిగతా మూడు లోకాలు మీకు అంత కష్టం కావు.